ఇథియోపియాలో బస్సు ఎక్కడం

(తెనాలిలో జరిగిన ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త ఇథియోపియాలోని ఒక విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగు బోధించి తిరిగివచ్చిన అధ్యాపకురాలు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. కార్యదర్శిగారు ఆహ్వానపత్రం మీద "వెనుకబడిన దేశాల్లో ప్రయాణం" అని అచ్చువేయించారు. దేశాల్లో అన్నారు. నాకు బాగా తెలిసింది ఒక్కటే. కాబట్టి ఆ బహువచనం కొట్టేసుకోండి. నేను మాట్లాడేది ఇథియోపియా గురించి.

వెనుకబడిన అనే మాట కొంచెం గుచ్చుకుంటుంది కానీ, అబద్ధమైతే కాదు. అత్యల్పాభివృద్ధి దేశాలని ఐక్యరాజ్యసమితి 1971లో మొదటి జాబితా వేసినప్పుడే ఇథియోపియా అందులో ఉంది, ఇప్పటికీ ఉంది. అదే దేశపు విమాన సంస్థ ఆఫ్రికా మొత్తంలో అతి పెద్దది. 2025లో హైదరాబాద్‌కు కూడా నేరుగా విమానం వేశారు. ఇక్కడ ఎక్కితే వాళ్ళ రాజధాని అడిస్ అబాబాలో దిగుతారు. అక్కడిదాకా మీకు ఏ ఇబ్బందీ ఉండదు. విమానాశ్రయం గుమ్మం దాటాక అసలు కథ మొదలవుతుంది.

మనవాళ్ళు అక్కడికెందుకు వెళ్ళారని అడగబోతున్నారు కదా? చదువు చెప్పడానికి. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో బడుల్లో చెప్పడానికి కేరళ టీచర్లు వెళ్ళారు. 2000 తర్వాత ఆ దేశం ఊరూరా కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచింది, అధ్యాపకులు చాలలేదు. అప్పుడు తమిళులు, తెలుగువాళ్ళు చాలామంది వెళ్ళాం. నాది బహిర్ దార్. టానా సరస్సు ఒడ్డున ఉంటుంది, నీలి నైలు నది అక్కడే పుడుతుంది. చక్కని ఊరు. జీతం నెల నెలా వచ్చేది, ఇంటి కిటికీ నుంచి పెలికాన్ పక్షులు కనిపించేవి. ఒక్క చిక్కు. ఏ పనికైనా, ఏ కాగితానికైనా అడిస్ వెళ్ళాలి. దాదాపు 550 కిలోమీటర్లు. అదీ బస్సులో.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నిద్రపోయేవాళ్ళు నిద్రపోవచ్చు. అలాంటి దేశంలో రవాణా లేదని అనుకుంటాం. ఉంటుంది. బ్రహ్మాండంగా ఉంటుంది. ఏ కొండ మీద ఏ పల్లెకైనా ఏదో ఒక బండి వెళుతుంది. అయితే అది ఎప్పుడు వెళుతుందో, ఎక్కడ ఆగుతుందో ఎక్కడా రాసి ఉండదు. ఫోనులో వెతికితే దొరకదు. అది మనుషులకు తెలుసు. మనుషుల్ని అడగాలి. ఇంకొకటి, తెల్లవారకముందే అక్కడ ఉండాలి. ఈ రెండూ చేతనైతే చాలు, తక్కినవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

ముందు టికెట్టు సంగతి చూద్దాం. నా దగ్గర ఒకటి ఉంది, తెచ్చాను. ఇదిగో, ముందు వరసవాళ్ళు చూసి వెనక్కి పంపండి. జాగ్రత్తమ్మా, చిరిగిపోతుంది. ఇది యంత్రంలోంచి వచ్చింది కాదు. రసీదు పుస్తకం, కింద కార్బన్ కాగితం, బాల్‌పెన్ను. ఊరి పేరు వాళ్ళ లిపిలో ఉంది. తేదీ చూడండి, హమ్లే 9, 2009. సమయం 11. ఇప్పుడు చెప్పండి, నేను ఏ రోజు, ఏ వేళకు బస్సు ఎక్కాను?

ఎవరూ చెప్పలేరు. అది 2017 జులై 16, తెల్లవారుజామున ఐదు గంటలు.

ఎలా అంటారా? వాళ్ళ సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక ఉంటుంది. సెప్టెంబరు 11న కొత్త ఏడాది. పన్నెండు నెలలకూ ముప్పయ్యేసి రోజులు, మిగిలిన ఐదారు రోజులకు పగుమే అని పదమూడో నెల. పర్యాటక శాఖ దీన్ని కూడా వాడుకుంది, మా దేశంలో పదమూడు నెలల ఎండ అని ప్రచారం చేసుకునేవారు. జులైలో, ఆగస్టులో వెళ్ళి చూడండి, ఆ ఎండ ఎంతో తెలుస్తుంది. కుండపోత.

తేదీ ఫరవాలేదు, రేపా ఎల్లుండా అని అడిగితే తేలిపోతుంది. బస్సు తప్పించేది గంటలు. వాళ్ళ రోజు సూర్యోదయంతో మొదలు. మనం ఏడు అన్నప్పుడు వాళ్ళకు పగలు ఒంటిగంట. మన పన్నెండు వాళ్ళకు ఆరు. సాయంత్రం ఏడయితే మళ్ళీ రాత్రి ఒంటిగంట. దీనికి నవ్వకండి, మన పంచాంగం మాత్రం చేసేదేమిటి? సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టడమే కదా, రోజుకు అరవై. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్నచోట ఏడాది పొడుగునా పొద్దుపొడుపు ఆరుకూ ఏడుకూ మధ్యనే. అక్కడ ఆ లెక్కే సరయినది. అర్ధరాత్రి, అందరూ నిద్రపోతున్నప్పుడు రోజు మారిందనడమే విడ్డూరమని మా విద్యార్థులు నాతో వాదించేవారు. నా దగ్గర జవాబు ఉండేది కాదు.

వాదన సరే, మరి బస్సు? టికెట్టు మీద 11 అని ఉంటే అది రాత్రి పదకొండు, అంటే మన తెల్లవారుజాము ఐదు. మాతో కొత్తగా చేరిన ఒక తమిళ అధ్యాపకుడు పగలు పదకొండింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని పెట్టెతో బస్టాండుకు వెళ్ళాడు. అప్పటికి అతని బస్సు దెబ్రె మార్కోస్ ఊరు దాటి ఉంటుంది, సగం దారి. పాపం, టికెట్టు చేతిలో పట్టుకుని మర్యాదగా అడిగాడట, బస్సు ఆలస్యమా అని.

దీనికి ఒక కిటుకు చెబుతాను, ఇది ఎవరూ రాయరు. ముళ్ళ గడియారం పెట్టుకోండి. చిన్న ముల్లు మీ గంట చూపిస్తుంది. దానికి సరిగ్గా ఎదురుగా, ముల్లు తోక వైపు ఏ అంకె ఉందో అది వాళ్ళ గంట. కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. ఇంకా అనుమానమైతే, "ఫెరెంజి గంటలా, హబెషా గంటలా" అని అడగండి. ఫెరెంజి అంటే విదేశీయుడు, హబెషా అంటే వాళ్ళు. ఎవరినడిగినా చెబుతారు.

ఇక లిపి. భయపడకండి, ఈ విషయంలో తెలుగువాడికి ఉన్న సుఖం ఇంగ్లిష్‌వాడికి లేదు. వాళ్ళ అక్షరాలను ఫిదెల్ అంటారు. ముప్పైమూడు మూలాక్షరాలు, ఒక్కొక్కదానికి ఏడు రూపాలు. లె, లు, లీ, లా, లే, ల్, లో. ఇదేమిటి? గుణింతం! అక్షరానికి ఒక పక్కన కొమ్ము, ఒక పక్కన కాలు, అచ్చం మనలాగే ఎడమ నుంచి కుడికి. ఐరోపా నుంచి వచ్చినవాళ్ళు 231 గుర్తులు బట్టీపట్టాలా అని తల పట్టుకునేవారు. మనకు రెండోతరగతిలోనే అలవాటైన పద్ధతి. బస్సు అద్దం మీద బోర్డు చదువుకునేంత వస్తే చాలు, బస్టాండులో మీ చుట్టూ మూగే దళారులు సగం తగ్గిపోతారు. చదువుతున్నవాడి జోలికి దళారి రాడు. ఇది ఏ దేశంలోనైనా అంతే.

బస్టాండును మెనహరియా అంటారు. ముందురోజు సాయంత్రమే వెళ్ళి టికెట్టు కొనుక్కోవాలి. అక్కడికి పొద్దున్నే చేర్చే ఆటోవాడితో కూడా ముందురోజే మాట్లాడుకోవాలి. ఆటో అని ఎవరూ అనరు. బజాజ్ అంటారు. మన పుణె కంపెనీ బండ్లే, నీలంరంగు వేసుకుని ఆ దేశమంతా తిరుగుతుంటాయి. బజాజ్ అంటే మనిషి పేరని చెబితే మా పక్కింటావిడ ఎంతకీ నమ్మలేదు.

నాలుగున్నరకు చేరతారా, గేటు మూసి ఉంటుంది. బయట చీకట్లో రెండు మూడు వందల మంది. అందరూ తెల్లటి నూలు శాలువా తలమీదుగా కప్పుకుని ఉంటారు. చలి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పలుచటి బట్టలు తెచ్చుకోకండి, అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది, ఊటీ కంటే ఎత్తు. రెండంతస్తుల మెట్లెక్కితే మొదటి వారం ఆయాసం వస్తుంది. ఆ గేటు తెరవగానే పరుగు. పెద్దలూ పిన్నలూ, కోళ్ళ బుట్టలవాళ్ళూ అందరూ పరుగే. ఎందుకు పరుగు, టికెట్టు ఉంది కదా అని మొదట్లో అనుకునేదాన్ని. సీటు నంబర్లు రాసిన బస్సయితే పరుగెత్తక్కర్లేదు. చాలా బస్సులకు రాయరు.

పెట్టెలు పైన. పైకెక్కి కట్టే కుర్రాడికి డబ్బులు విడిగా ఇవ్వాలి, ఎంతని కిందనే తేల్చుకోండి. పండగ ముందైతే మీ పెట్టె పక్కన గొర్రె ఉంటుంది. ప్రాణంతో ఉన్న గొర్రె, కాళ్ళు కట్టి. జనవరి 7 వాళ్ళ క్రిస్మస్, 19 తిమ్కత్ పండగ, అంటే క్రీస్తు బాప్తిస్మం జరుపుకునే రోజు. ఆ రోజుల్లో ఉత్తరాన పాత పుణ్యక్షేత్రం లాలిబెలాలో గానీ, పాత రాజధాని గోందర్‌లో గానీ గది దొరకదు, బస్సు దొరకదు, గొర్రె ధర అడగనక్కర్లేదు.

కండక్టరుకు సహాయకుడు ఒకడుంటాడు, రెదాత్ అంటారు. బస్సులో అతన్ని మంచి చేసుకోండి. డ్రైవరు కంటే, టికెట్టు అమ్మినవాడి కంటే అతనే ముఖ్యం. ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో అతనికి తెలుసు. బస్సు కదలగానే సన్నటి ప్లాస్టిక్ సంచులు పంచుతూ వస్తాడు. ఫెస్తాల్, ఫెస్తాల్ అంటూ. అదేదో తినుబండారం ఇస్తున్నాడని చెయ్యి చాపుతాం. వాంతి చేసుకోవడానికి. కొండల మీద ఘాట్ రోడ్లు, నిండు బస్సు. దానికితోడు కిటికీలు మూసేస్తారు. ఒక్కటి కూడా తెరవనివ్వరు. కదులుతున్న బండిలో గాలి తగిలితే జబ్బు చేస్తుందని గట్టి నమ్మకం. మీరు వేలెడంత తెరవండి, వెనకనుంచి ఒక పెద్దాయన చెయ్యి వచ్చి మూసేస్తుంది. కోపమేమీ ఉండదు, మీ ఆరోగ్యం కోసమే. నేను ఇంజనీరునండీ, గాలి మార్పిడి గురించి పాఠం చెప్పేదాన్ని. ఎవరికి చెప్పను? నిమ్మకాయ పట్టుకెళ్ళండి, వాసన చూస్తూ కూర్చోండి. అందరూ చేసేది అదే.

అంత పొద్దున్నే ఎందుకు బయల్దేరతారు? చీకటి పడకముందు చేరాలని. దూరప్రాంతాల బస్సులు రాత్రి నడవవు. మనకు రాత్రి ఎక్కి నిద్రపోయి పొద్దున దిగే అలవాటు కదా, అక్కడ అది కుదరదు. మలుపుల రోడ్డు, దీపాల్లేని లారీలు, రోడ్డు మీద పడుకునే పశువులు. ఒక్క రోజులో చేరలేని ఊరైతే దారిలో ఏదో ఊళ్ళో సాయంత్రం ఆపేస్తారు, అందరూ దిగి గదులు తీసుకుని పడుకుని మర్నాడు మళ్ళీ చీకటితో బయల్దేరతారు. ఈ పద్ధతి నాకు మొదట్లో విసుగు. తర్వాత, ఆ రోడ్లు చూశాక, ఇంత తెలివైన నియమం మనం ఎందుకు పెట్టుకోలేదా అనిపించింది.

రోడ్డు అంటే గుర్తొచ్చింది. ఆ దారిలో అబాయ్ లోయ ఉంటుంది. అబాయ్ అంటే నీలి నైలే, వాళ్ళ పేరు. గోహ త్సియోన్ అనే ఊరి దగ్గర పీఠభూమి ఒక్కసారిగా తెగిపోతుంది. అక్కడినుంచి బస్సు మెలికలు తిరుగుతూ వెయ్యి మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. దిగుతున్నకొద్దీ ఒక్కొక్కరే శాలువాలు తీసేస్తారు, చెవులు దిబ్బెడ వేస్తాయి, అడుగున నిప్పుల కొలిమి. అక్కడ నది, నది మీద వంతెన. మళ్ళీ అటువైపు దెజెన్ దాకా అంత ఎత్తూ ఎక్కాలి. కిందనుంచి చూస్తే పైనున్న లారీలు కదులుతున్నట్టే ఉండవు. బస్సులో మాటలు ఆగిపోతాయి. కొందరు శిలువ గుర్తు వేసుకుంటారు.

ఆ నేల గురించి ఒక్క నిమిషం. మా వృత్తి కదా, ఊరుకోలేను. పైన నల్లని బసాల్టు, దాని కింద సున్నపురాయి, ఇసుకరాయి, మధ్యమధ్య మెత్తటి పొరలు. వానాకాలంలో ఆ మెత్తటి పొరలోకి నీళ్ళు దిగి కొండచరియ మొత్తం జారుతుంది. ఎన్నిసార్లు తారు వేసినా రోడ్డు అలలు తేలుతుంది. ఆ తప్పు గుత్తేదారుది అనుకుంటాం. కొంత అతనిది, మిగతాది కొండది. పాత వంతెన మీద ఒకసారికి ఒక్క బరువు బండే పోవాల్సి వచ్చేది. 2008లో జపాను సాయంతో పక్కనే కొత్తది కట్టారు, సుమారు 300 మీటర్లు, తీగలతో పట్టిన అందమైన వంతెన. ఫొటో తీయకండి. సైనికులు కాపలా ఉంటారు, ఫోను లాక్కుంటారు. నేను విద్యార్థుల్ని తీసుకెళ్ళి దూరంనుంచి వేలితో చూపించి పాఠం చెప్పాను.

మధ్యాహ్నం భోజనానికి ఆపుతారు, ముప్పావుగంట అని చెప్పి ఇరవై నిమిషాలకే హారను కొడతారు. ఇక్కడ శాకాహారులు చెవులు రిక్కించాలి. మన శాకాహారి ఆఫ్రికా వెళితే పస్తే అనుకుంటాడు. ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధవారం, శుక్రవారం మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. ఈస్టరు ముందు 55 రోజులు అదే నియమం. ఉపవాసాన్ని త్సోమ్ అంటారు. హోటల్లో కూర్చుని "యెత్సోమ్ బెయాయినెతు" అనండి, చాలు. పళ్ళెమంత ఇంజెరా వస్తుంది. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి ఒకవైపే కాల్చిన మెత్తటి దోసె అనుకోండి, రంగు కొంచెం బూడిదగా, ఒళ్ళంతా చిల్లులు. దాని మీద చిన్న చిన్న కుప్పలుగా ఎర్రపప్పు, బఠాణీ పప్పు, సెనగపిండితో చేసే షిరో, క్యాబేజీ, బీట్‌రూటు. కారం ఉంటుంది, గుంటూరువాళ్ళు కూడా ఒప్పుకునేంత. వారంలో మిగతా రోజుల్లో ఇది దొరక్కపోవచ్చు, అప్పుడు షిరో అడగండి, అది ఎప్పుడూ ఉంటుంది. వండేటప్పుడు వెన్న వేశారేమో అడగాలి.

ఇంకొకటి. బల్ల ఖాళీ లేకపోతే ఎవరో ఒకరు తమ పళ్ళెం చూపించి "ఎనిబ్లా" అంటారు. రండి తిందాం అని. మర్యాదకు అంటారు, నిజంగానూ అంటారు. ఒకే పళ్ళెంలో నలుగురు ముక్కూ మొహం తెలియనివాళ్ళు తింటుంటారు. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్ళకు కష్టమే. మా అమ్మ వచ్చినప్పుడు తన అరటిపళ్ళు తనే తెచ్చుకుంది, కానీ కాఫీ మాత్రం వద్దనలేకపోయింది. కాఫీ పుట్టిల్లు కదా. బస్టాండు పక్కనే రేకుల కింద ఒకామె పచ్చిగింజలు వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి పోస్తుంది. ఒకే పొడిని మూడుసార్లు కాస్తారు, మూడు విడతలకూ మూడు పేర్లు, అబోల్, తోనా, బరకా. బస్సు ఎక్కాల్సినవాళ్ళు అబోల్‌తో సరిపెట్టుకోవాలి.

మగవాళ్ళు ఈ మాటకు మొహం తిప్పుకోకండి, మరుగుదొడ్ల సంగతి కూడా చెప్పాలి. ప్రయాణాల గురించి మాట్లాడే మగవాళ్ళు దీన్ని ఎప్పుడూ దాటేస్తారు. బస్సు మైదానంలో ఆగుతుంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. చెట్టు ఉండదు, పుట్ట ఉండదు. అక్కడి ఆడవాళ్ళ దగ్గర శాలువా ఉంటుంది, నెతెలా అంటారు. ఇద్దరు పట్టుకుంటారు, ఒకరు వెనక కూర్చుంటారు, తర్వాత మీరు పట్టాలి. నేను చీరకట్టు మానేసి గేరున్న పొడుగు గౌను వేసుకుని ప్రయాణం చేయడం అక్కడ నేర్చుకున్నాను. నీళ్ళు తాగడం మానేయడం మాత్రం పొరపాటు, ఆ ఎత్తులో తలనొప్పి వస్తుంది.

నగరంలో తిరగడం వేరే విద్య. అడిస్‌లో నీలం తెలుపు మినీబస్సులు ఉంటాయి. తలుపు దగ్గర వేలాడే కుర్రాణ్ణి వెయాలా అంటారు. "బోలె బోలె బోలె, పియాసా పియాసా" అని అరుస్తుంటాడు. అవి పేటల పేర్లు. మీరు వెళ్ళే పేట పేరు వినబడితే ఎక్కండి. దిగాలంటే "వెరాజ్ అలె" అనండి, దిగేవాళ్ళున్నారు అని. ఈ రెండు మాటలు రానివాడు రెండు స్టాపులు అవతల దిగుతాడు. ఛార్జీ ప్రభుత్వం నిర్ణయించినదే, విదేశీయుడని ఎక్కువ అడగడం తక్కువ. పక్కవాళ్ళు ఎంత ఇస్తున్నారో చూసి ఇవ్వండి.

సాయంత్రం ఐదింటికి వెళ్ళి చూడండి, ఆ మినీబస్సుల కోసం వందమంది వరసలో నిలబడి ఉంటారు. ఒక్కరు తోసుకోరు. ఇది చూసి నాకు మతిపోయింది. అక్కడ తెరా అస్కెబారి అని వరస చూసే యువకులు ఉంటారు, బండికి ఇంత అని తీసుకుంటారు. తీసుకోనివ్వండి! తెనాలి బస్టాండులో అలాంటివాళ్ళు నలుగురుంటే నేనూ ఇస్తాను.

చిన్న ఊళ్ళల్లో బజాజ్ ఎక్కేటప్పుడు "కొంత్రాట్?" అని అడుగుతాడు. తెలియక తలూపారా, బండి మొత్తం మీరే మాట్లాడుకున్నట్టు. నలుగురి డబ్బులూ మీవే. కాదని చెయ్యి ఊపండి, పంచుకునే సీటుకు చాలా తక్కువే అవుతుంది. నగరంలో ఇప్పుడు ఫోనులో పిలిచే టాక్సీలు, రైడ్ అనీ ఫెరెస్ అనీ, వచ్చాయి. బేరమాడే ఓపిక లేనివాళ్ళకు అవి మేలు. 2024 జనవరిలో పెట్రోలు, డీజిలు కార్ల దిగుమతి నిషేధించారు, ప్రపంచంలో ఆ పని మొదట చేసింది వాళ్ళే. పక్కన గాడిద మీద కట్టెలు పోతుంటాయి, దాన్ని దాటుకుంటూ చైనా విద్యుత్ కారు పోతుంది.

రైలు గురించి ఎవరో చీటీ పంపారు. ఉంది. ఫ్రెంచివాళ్ళు వేసిన పాత లైను జిబూటి నుంచి 1917లో అడిస్ చేరింది. అది మూలనపడ్డాక చైనావాళ్ళు కొత్తది వేశారు, విద్యుత్ లైను, దాదాపు 750 కిలోమీటర్లు, 2018 నుంచి నడుస్తోంది. స్టేషను ఊరి బయట ఎక్కడో ఉంటుంది. దిరె దావా దాకా వెళ్ళేవాళ్ళకు బాగుంటుంది, ఒంటెలు పట్టాల మీదికి రాకపోతే. అడిస్‌లో 2015లో మొదలైన సిటీ రైలు కూడా ఉంది. విడిభాగాలు దొరక్క చాలా బండ్లు షెడ్డులోనే. దాన్ని నమ్ముకుని సమయాలు పెట్టుకోకండి.

అడగడం గురించి మొదట్లో అన్నాను కదా, అక్కడికి వస్తాను. అడగడంలో రెండు మెలకువలు. ఇది గోందర్ వెళుతుందా అని అడగకండి. అవును అంటారు. మిమ్మల్ని నిరాశపరచడం ఇష్టం లేక అంటారు. ఇది ఎక్కడికి వెళుతుంది అని అడగండి, నిజం వస్తుంది. ముగ్గుర్ని అడగండి, ఇద్దరు కలిస్తే నమ్మండి. రెండోది, కొంతమంది అవును అని నోటితో చెప్పరు. గబుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు. ఇలా, హా! అని. నేను మొదటి వారం బజారులో ఒకామెను దారి అడిగితే అలా పీల్చింది. గుండెపోటేమోనని కంగారుపడ్డాను. అవును, ఇదే దారి అని చెప్పిందట పాపం.

అలాగని అన్నిచోట్లకూ బస్సే అని నేను పట్టుపట్టను. చవకగా తిరగడమే గొప్ప అనుకునే విదేశీ కుర్రాళ్ళను చూశాను. ఓమో లోయకు, దనకిల్ ఎడారికి బస్సుల్లో వెళతామని వారాలు పోగొట్టుకుంటారు. దనకిల్‌కు సొంతంగా పోకూడదు. అక్కడ బండ్లు గుంపుగా, నీళ్ళు, గైడు, కాపలా వెంటబెట్టుకుని వెళతాయి. అలాంటి చోటికి నలుగురు కలిసి ల్యాండ్ క్రూయిజరు, డ్రైవరు మాట్లాడుకోండి. ఖర్చే. అక్కడ డ్రైవరు అనుభవానికి మీరు డబ్బిస్తున్నారు, ఇంధనానికి కాదు.

పిల్లలు వెంటపడతారు. కొందరు డబ్బు అడగరు, నిఘంటువు కొనిపెట్టమంటారు, బడికి అంటారు. మనం టీచర్లం, కరిగిపోతాం. కొన్న పుస్తకం సాయంత్రానికి అదే దుకాణానికి తిరిగివెళ్ళి, డబ్బు ఇద్దరూ పంచుకుంటారు. ఇవ్వాలనిపిస్తే నేరుగా బడికి వెళ్ళి హెడ్మాస్టరుకు ఇవ్వండి. నేను అలాగే చేసేదాన్ని. నలుగురైదుగురు కుర్రాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు.

డబ్బు సంగతి తొందరగా చెబుతాను. వాళ్ళ డబ్బు బిర్. 2024 జులైలో మారకం ధరను మార్కెట్టుకు వదిలేశారు. అప్పటిదాకా డాలరుకు 57 ఉన్నది కొద్ది వారాల్లో వంద దాటింది. కాబట్టి పాత పుస్తకాల్లో ఉన్న ధరలు ఏవీ చూడకండి. టెలెబిర్ అని ఫోను చెల్లింపు 2021లో వచ్చింది, కూరగాయలామె కూడా తీసుకుంటుంది. కానీ గొడవలప్పుడు ఆ ప్రాంతంలో నెట్ ఆపేస్తారు. నెట్ లేకపోతే ఏటీఎం లేదు, ఫోను చెల్లింపు లేదు. నాలుగు రోజులకు సరిపడా నోట్లు ఒంటిమీద ఉండాలి.

గొడవలు అన్నాను. ఇది చెప్పకుండా దిగిపోతే నేను మోసం చేసినదాన్నవుతాను. ఇందాకటి నుంచీ నేను వర్ణించిన ఆ బహిర్ దార్ దారి, ఆ లోయ, ఆ వంతెన, ఈ రోజు మిమ్మల్ని ఆ దారిన బస్సులో వెళ్ళమని చెప్పను. 2020 నవంబరు నుంచి రెండేళ్ళు ఉత్తరాన టిగ్రాయ్ ప్రాంతంలో యుద్ధం. 2022 నవంబరులో ప్రిటోరియాలో ఒప్పందం కుదిరింది. ఆ మరుసటి ఏడు, బహిర్ దార్ ఉన్న అమ్హారా ప్రాంతంలో ప్రభుత్వ సైన్యానికీ ఫానో అనే స్థానిక సాయుధ దళాలకూ పోరు మొదలైంది. రోడ్ల మీద మనుషుల్ని ఎత్తుకుపోయి డబ్బు అడగడం ఎక్కువైంది. 2024 జులైలో గర్బా గురాచా దగ్గర, సరిగ్గా ఈ దారి మీదే, సెలవులకు ఇళ్ళకు వెళుతున్న విద్యార్థుల బస్సులు ఆపి వందమందికి పైగా పట్టుకుపోయారు. మా పిల్లల వయసువాళ్ళు. అవును, ఆ రోజు నేను ఫోను కింద పెట్టలేదు.

మీకు విమానం ఉంది. అడిస్ నుంచి బహిర్ దార్‌కు గంట. లాలిబెలాకూ గోందర్‌కూ విమానాలున్నాయి. ఆ సంస్థ విమానంలోనే ఆ దేశానికి వస్తే లోపలి టికెట్ల మీద తగ్గింపు కూడా ఇస్తుంటారు, కొనేముందు అడగండి. బయల్దేరేముందు మన రాయబార కార్యాలయం సూచనలు చూడండి, అక్కడ దిగాక హోటలువాళ్ళనీ అడగండి. దక్షిణాన అర్బా మించ్ వైపు, తూర్పున హరార్ వైపు ఏ వారం ఎలా ఉందో వాళ్ళకే తెలుస్తుంది. మన పర్యాటకుడికి విమానం ఉంది, మా విద్యార్థికి ఆ బస్సే ఉంది. వాళ్ళు ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నారు.

ప్రశ్నలకు పది నిమిషాలు ఇచ్చారు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళవచ్చా అని ఒకమ్మాయి రాసింది. పగలు బస్సులో నాకు ఎప్పుడూ భయం వేయలేదమ్మా. రెదాత్ తనంతట తనే నన్ను ఒక పెద్దావిడ పక్కన కూర్చోబెట్టేవాడు. ఊళ్ళో చీకటి పడ్డాక, బస్టాండు చుట్టుపక్కల మాత్రం వద్దు. గది ముందే చూసుకో, చీకటితో బయల్దేరే రోజు హోటలు కాపలాదారును బస్సుదాకా తోడు రమ్మను, కొంచెం డబ్బిస్తే సంతోషంగా వస్తాడు. వీసా ఎలా అని మాస్టారు అడిగారు. 2018 నుంచి ఇంటర్నెట్‌లోనే ఇస్తున్నారు, మీ అబ్బాయి చేసిపెడతాడు.

టీకాలు? మంచి ప్రశ్న, అందరూ మరిచిపోయేది. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరిగా వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అప్పటిదాకా టీకా వేసినట్టు వాళ్ళిచ్చే పసుపు పుస్తకం చెల్లదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. ఆ పసుపు పుస్తకాన్ని పెట్టెలో పెట్టి బస్సు పైకి ఎక్కించకండి, పాస్‌పోర్టుతోపాటు చేతి సంచిలోనే ఉంచుకోండి. మీరు తిరిగివచ్చేటప్పుడు అది లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజులదాకా విడిగా ఉంచే అధికారం మనవాళ్ళకు ఉంది.